భావజాల కథనాలు, తీవ్రవాదీకరణ: ఓం షిన్‌రిక్యో ఉదంతం

లోకానికి పట్టిన కీడు ఏమిటి, దానికి కారకులెవరు, కాపాడాల్సింది ఎవరిని, అందుకు ఎంతకైనా తెగించడం ఎందుకు న్యాయం? ఒక బృందంలోని వారంతా ఈ ప్రశ్నలకు ఒకే జవాబు నమ్ముతూ, ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటే దాన్ని ఉమ్మడి భావజాల కథనం అంటారు. మామూలు మనుషులు క్రమంగా హింసకు ఒప్పుకునే స్థితికి చేరడం తీవ్రవాదీకరణ. ఈ రెండింటి సంబంధాన్ని వివరించడానికి పరిశోధకులు తరచూ ఎత్తుకునే ఉదాహరణ జపాన్‌కు చెందిన ఓం షిన్‌రిక్యో అనే మత సంస్థ. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు వదిలింది ఈ సంస్థే.

వ్యవస్థాపకుడు షోకో అసహరా అసలు పేరు చిజువో మత్సుమొటో. 1955లో కుమమొటో ప్రాంతంలో, చాపలు అల్లే పేద కుటుంబంలో పుట్టాడు. చూపు సరిగా లేకపోవడంతో అంధుల పాఠశాలలో చదివాడు. ఆక్యుపంక్చర్ చేశాడు, అనుమతి లేని మందులు అమ్మి 1982లో పోలీసులకు చిక్కాడు. 1984లో టోక్యోలో చిన్న యోగా తరగతి మొదలుపెట్టాడు. హిమాలయాల్లో జ్ఞానోదయమైందని ప్రకటించుకుని, 1987లో సంస్థకు ఓం షిన్‌రిక్యో అని పేరు మార్చాడు.

అతను చెప్పిన కథలో సొంత సరుకు తక్కువ. శివుడు, బౌద్ధ కర్మ సిద్ధాంతం, టిబెటన్ తంత్రం, బైబిల్లోని ఆర్మగెడాన్, నోస్ట్రడామస్ జోస్యాలు అన్నీ కలిపాడు. నోస్ట్రడామస్ మీద 1973లో వచ్చిన ఒక పుస్తకం జపాన్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది కాబట్టి యుగాంతం మాట అక్కడి యువతకు కొత్త కాదు. మొదట్లో ఆ కథ మెత్తగానే ఉండేది: సాధకులు తగినంతమంది తయారైతే ప్రళయాన్ని ఆపవచ్చు. కొన్నేళ్లకు ప్రళయం ఆగదు, మనవాళ్లు మాత్రం మిగులుతారు అన్న దగ్గరికి వచ్చింది. చివరికి ఆ ప్రళయాన్ని తామే మొదలుపెట్టే దాకా పోయింది.

కథనమే మనుషుల్ని హంతకులుగా మార్చిందని ఈ ఉదంతాన్ని తేలిగ్గా చెప్పేస్తుంటారు. తేదీలు వరసగా చూస్తే అంత సూటిగా కనబడదు. 1988లో మతి చలించినట్టు ప్రవర్తించిన ఒక సాధకుణ్ణి చన్నీళ్లలో ముంచితే చనిపోయాడు. అది ప్రమాదం. మత సంస్థగా గుర్తింపు కోసం ఎదురుచూస్తున్న సమయం కావడంతో విషయాన్ని దాచారు. ఆ సంగతి తెలిసిన మరో సభ్యుడు బయటికి పోతానంటే 1989 ఫిబ్రవరిలో చంపేశారు. సభ్యుల కుటుంబాల తరఫున సంస్థపై పోరాడుతున్న న్యాయవాది త్సుత్సుమి సకమొటోను, ఆయన భార్యను, ఏడాది వయసున్న కొడుకును అదే నవంబరులో ఇంట్లోనే హతమార్చారు.

ఈ హత్యల సమర్థనకు అడుగున ఉన్న సిద్ధాంతం ‘పోవా’. టిబెటన్ సంప్రదాయంలో అది చనిపోయేవారి చైతన్యాన్ని మంచి లోకానికి పంపే ధ్యానం. అసహరా దాన్ని తిరగేశాడు. పాపం మూటగట్టుకుంటున్నవాణ్ణి గురువు ఆజ్ఞతో చంపితే, ఇంకా పాపం చేయకుండా ఆపి మంచి జన్మ ఇచ్చినట్టేనన్నాడు. చంపినవాడికీ పుణ్యమే! జపాన్ మతాలపై పరిశోధన చేసిన ఇయాన్ రీడర్ ఎత్తిచూపింది ఇదే: సంస్థ లోపల సాధన పేరుతో మొదలైన బలవంతం, వైఫల్యాలు హింసకు దారితీశాయి, సిద్ధాంతం ఆ హింసకు పవిత్రత పూసింది. అంటే తప్పు జరిగాక కథ పెరిగింది, పెరిగిన కథ తర్వాతి తప్పును సులువు చేసింది.

ఇలాంటి కథనాలకున్న మరో బలం ఓటమిని మింగేయగలగడం. 1990 ఫిబ్రవరి పార్లమెంటు ఎన్నికల్లో అసహరా 25 మంది అభ్యర్థులను నిలబెట్టాడు. అనుచరులు అతని ముఖం అచ్చేసిన మాస్కులు, వినాయకుడి తొండం టోపీలు పెట్టుకుని వీధుల్లో పాటలు పాడారు. అతనికి పడ్డవి 1,783 ఓట్లు. అందరూ ఓడిపోయారు. మామూలు పార్టీ అయితే దుకాణం కట్టేసేది. వీళ్లు మాత్రం లెక్కింపులో కుట్ర జరిగిందన్నారు, ఈ లోకం ఇక బాగుపడదనడానికి ఇదే సాక్ష్యమన్నారు. జీవాయుధాల ప్రయత్నాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. 1993లో టోక్యోలో ఆంత్రాక్స్ చల్లారు గానీ అది టీకాకు వాడే రకం కావడంతో ఎవరికీ ఏమీ కాలేదు.

ఫ్యూజీ పర్వతం దగ్గరి కమికుయిషికి గ్రామంలో వెలిసిన స్థావరంలో భవనాలకు ‘సత్యాన్’ అని పేర్లు. మన ‘సత్యం’ అనే మాటే. ఏడో నంబరు సత్యాన్‌లో సారిన్ కర్మాగారం కట్టారు. సన్యాసం పుచ్చుకున్నవారు ఆస్తి సంస్థకు రాసిచ్చి, కుటుంబంతో తెగతెంపులు చేసుకుని, కొద్దిపాటి తిండి, నిద్రలతో బతికేవారు. ఉద్యోగం, ఇల్లు, అమ్మానాన్నలను వదిలేసుకున్నాక కథ అబద్ధమని ఒప్పుకోవడమంటే ఆ నష్టమంతా వృథా అని ఒప్పుకోవడమే. పైగా అమెరికా విమానాలు తమపై విషవాయువు చల్లుతున్నాయని అసహరా ప్రచారం చేశాడు. 1994 జూన్ 27న మత్సుమొటో పట్టణంలో సారిన్ చల్లి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది మాత్రం ఓం సభ్యులే.

టోక్యో దాడిలో మొనదేల్చిన గొడుగులతో సారిన్ పొట్లాలకు చిల్లులు పెట్టినవాళ్లు ఐదుగురు. ఇకువో హయషి గుండె శస్త్రచికిత్స వైద్యుడు. తోరు తొయోదా, కెనిచి హిరోసె భౌతికశాస్త్ర పట్టభద్రులు. చదువు అడ్డుపడుతుందన్న మన భరోసాకు ఇక్కడ చోటు లేదు. ఎదురుగా ఉన్న ప్రయాణికులను చూసి తటపటాయించానని హయషి తర్వాత చెప్పాడు. అయినా చియోడా లైన్ రైల్లో, వార్తాపత్రికలో చుట్టిన రెండు పొట్లాల్లో ఒకదాన్ని పొడిచాడు. ఆ పొట్లాన్ని ఎత్తి శుభ్రం చేసిన స్టేషన్ సిబ్బంది ఇద్దరు చనిపోయారు. దాడిలో మొత్తం మృతులు 14 మంది, చివరి బాధితురాలు 2020లో కన్నుమూసింది. గాయపడ్డవారు సుమారు 6,300. లోకోద్ధరణ అన్న ఈ పనికి తక్షణ కారణం చాలా చిన్నది: పోలీసు సోదాలు తప్పించుకోవడం. రెండు రోజుల తర్వాత ఆ సోదాలు జరిగాయి కూడా.

జపాన్‌లో సంస్థకు దాదాపు పదివేల మంది సభ్యులుండగా విచారణకు నిలిచింది 190 మంది దాకా. సారిన్ సంగతి చాలామంది సభ్యులకు తెలియదు. కథను నమ్మడం, దాని పేరిట చంపడం ఒకటి కావు. నమ్మిన పదివేలు లేకపోతే మాత్రం చంపిన కొద్దిమందికి డబ్బు, భవనాలు, శాస్త్రవేత్తలు దొరికేవారు కాదు.

ఇటీవలి ఉదాహరణల్లో అసహరా లాంటి గురువు కూడా అవసరపడటం లేదు. శ్వేతజాతిని వలసవాసులు తొలగించి ఆ స్థానంలోకి వస్తున్నారనే ‘మహా స్థానభ్రంశం’ ప్రచారానికి ఆ పేరు పెట్టింది ఫ్రెంచి రచయిత రెనో కామూ. 2019 మార్చిలో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని, 2022లో అమెరికాలోని బఫెలోలో పదిమందిని చంపినవాళ్లు ఒకే సంస్థ సభ్యులు కారు. వారిని కలిపింది ఆ కథ ఒక్కటే.

ఓం విషయానికొస్తే, అసహరాను, మరో 12 మందిని 2018 జులైలో ఉరితీశారు. తప్పు ఒప్పుకున్న హయషికి యావజ్జీవం పడింది. సంస్థ 2000లో అలెఫ్‌గా పేరు మార్చుకుంది. అందులోంచి 2007లో మరో శాఖ విడిపోయింది. ఈ వారసత్వ సంస్థలకు ఇప్పటికీ వెయ్యిమందికి పైగా అనుచరులున్నారు. 1999 నాటి ప్రత్యేక చట్టం కింద జపాన్ ప్రభుత్వం వారిపై నిఘా కొనసాగిస్తోంది.