పది ప్రతులుంటే పదిలం

అచ్చయిన పత్రిక ఎవరిది? కాగితం కాలంలో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. చందా కట్టినవారిది. 1665లో పారిస్‌లోనూ లండన్‌లోనూ తొలి పరిశోధన పత్రికలు వెలువడిన నాటినుంచి మూడు వందల ఏళ్లకు పైగా ఇదే పద్ధతి నడిచింది. ఒక్కో సంచిక ఎన్నో గ్రంథాలయాల బీరువాల్లోకి చేరేది. ఒకచోట చెదలు తిన్నా, మరొకచోట నిప్పంటుకున్నా, ఇంకెక్కడో ఒక ప్రతి మిగిలేది. భద్రపరచడానికి ఎవరూ ప్రత్యేకించి ఏర్పాట్లు చేయనక్కర లేకపోయింది. పంచిపెట్టడమే రక్షణ అయింది.

1990ల నడుమ ఈ లెక్క మారిపోయింది. 1995లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం హైవైర్ ప్రెస్ అనే విభాగాన్ని నెలకొల్పి, జీవరసాయన శాస్త్ర పత్రిక ఒకదాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది. ఒకదాని వెంట ఒకటిగా మిగిలిన పత్రికలూ అదే దారి పట్టాయి. చదువరులకు ఎంతో సౌకర్యం కలిగింది. కాని గ్రంథాలయం ఇప్పుడు కొంటున్నది సంచికను కాదు, చదువుకొనే అనుమతిని. అసలు ప్రతి ప్రచురణకర్త కంప్యూటర్‌లోనే ఉంటుంది. చందా ఆగితే పాత సంచికలు కూడా అందకుండా పోవచ్చు. ప్రచురణ సంస్థే మూతబడితే అవి ఎవరికీ అందవు. సొంత ఇల్లు వదులుకొని అద్దె ఇంట్లోకి మారినట్టయింది గ్రంథాలయాల పని.

ఈ ముప్పును ముందే పసిగట్టినవారిలో ఇద్దరు భార్యాభర్తలున్నారు. విక్కీ రైక్ స్టాన్‌ఫర్డ్‌లో లైబ్రేరియన్. డేవిడ్ రోసెంతాల్ సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన ఇంజనీరు. 1990ల చివర వారు మొదలుపెట్టిన ఏర్పాటు పేరు లాక్స్. ప్రతులు ఎక్కువుంటే సరుకు పదిలం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాల కూర్పు అది. ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికా చరిత్ర పత్రాలను సేకరిస్తున్న హాజర్డ్ అనే ఆయనకు 1791లోనే థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరం రాశాడు. పత్రాలను తాళాలు వేసి దాచడం కంటే, ప్రమాదానికి అందనన్ని ప్రతులు తీయించడమే మేలని దాని సారాంశం.

లాక్స్ పనిచేసే తీరు ఇది. ప్రతి గ్రంథాలయంలో ఒక మామూలు కంప్యూటర్ ఉంటుంది. ప్రచురణకర్త అనుమతితో, తమ గ్రంథాలయం చందా కట్టిన పత్రికలను అది తెచ్చుకొని దాచుకుంటుంది. అంతటితో ఊరుకోదు. వేర్వేరు ఊళ్లలో ఉన్న కంప్యూటర్లు తమ తమ ప్రతులను అప్పుడప్పుడూ పోల్చి చూసుకుంటాయి. ప్రతి వ్యాసానికీ వేలిముద్ర వంటి ఒక సంఖ్యను లెక్కగట్టి ఓటు వేస్తాయి. ఎక్కువమందితో సరిపోలని ప్రతి చెడిపోయినట్టు లెక్క. అది మంచి ప్రతిని తెచ్చుకొని తన్ను తాను బాగు చేసుకుంటుంది. ఈ పోలిక కావాలనే నెమ్మదిగా సాగుతుంది. దురుద్దేశంతో వ్యాసాలను మార్చాలనుకొనేవాడు ఒక్క రాత్రిలో అన్నిచోట్లా మార్చలేడు.

ఇది చదివితే తెలుగువారికి బ్రౌన్ దొర గుర్తుకు రావడం సహజం. ఆయన కూడా ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాలు పోల్పించాడు. ఆయన కూడబెట్టిన ప్రతులు నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కాకపోతే పండితుడు అర్థం చూసి పాఠం తేలుస్తాడు. యంత్రం ఓట్ల లెక్క మాత్రమే చూస్తుంది.

లాక్స్ 2004 నాటికి పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది. 2005లో పోర్టికో అనే మరో సంస్థ మొదలైంది. అది ప్రచురణకర్తల నుంచి మూల ఫైళ్లనే తీసుకొని, ముందు ముందు కూడా తెరవగలిగే రూపంలోకి మార్చి దాస్తుంది. 2006లో పుట్టిన క్లాక్స్ ప్రపంచంలో పన్నెండు చోట్ల ప్రతులు ఉంచింది. మామూలు రోజుల్లో వాటిని ఎవరూ చదవలేరు. పత్రిక ఎక్కడా దొరకని స్థితి వస్తేనే తలుపులు తెరుస్తారు. అవయవ మార్పిడి వైద్యానికి సంబంధించిన గ్రాఫ్ట్ అనే పత్రిక ఆగిపోయాక, దాని 2001 నుంచి 2003 వరకు సంచికలు 2008లో అలాగే అందరికీ ఉచితంగా బయటికి వచ్చాయి.

ఇంత జరిగినా పోయేవి పోతూనే ఉన్నాయి. ఉచితంగా చదవగల పరిశోధన పత్రికలు 174, 2000కూ 2019కీ నడుమ ఇంటర్నెట్ నుంచి మాయమైనట్టు 2021లో ముగ్గురు పరిశోధకులు లెక్క తేల్చారు. అందులో సగానికి పైగా సాంఘిక, మానవీయ శాస్త్రాలవి. 2024లో మార్టిన్ ఈవ్ 74 లక్షలకు పైగా రచనలను పరిశీలిస్తే, సుమారు 28 శాతం ఏ భద్రతా కోశంలోనూ కనిపించలేదు. పెద్ద ప్రచురణకర్తల సరుకుకు కాపలా దొరికింది. విశ్వవిద్యాలయంలో ఒక శాఖ, ఊళ్లో ఒక పరిషత్తు నడిపే చిన్న పత్రికకు దొరకడం కష్టం.

ఇక్కడే ఇది మన సంగతి అవుతుంది. మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాన్ని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాకూ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపాలి. అది అచ్చు ప్రతుల కోసం రాసిన చట్టం. తెరమీద మాత్రమే వెలువడే చిన్న పత్రికకు అలాంటి నాలుగు గూళ్లు ఉన్నాయా అని నడిపేవారే చూసుకోవాలి. ఓజేఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే పత్రికలను రుసుము లేకుండా లాక్స్ పద్ధతిలో దాచే ఏర్పాటు ఒకటి ఉంది. అదీ కుదరకపోతే, నాలుగు ఊళ్లలోని నాలుగు గ్రంథాలయాలకు ఫైళ్లు పంపి, ఏడాదికొకసారి తెరిచి చూడమని అడగవచ్చు. సొంత రాష్ట్రం దాటి నిలిచిన భాషకు ఊరూరా ప్రతి ఉండడం అవసరం. మనం నాలుగు రాష్ట్రాల్లో చెదిరి ఉన్నామని చింతించేవారు, ఈ ఒక్క పనికి ఆ చెదరడమే బలమని గ్రహించాలి.