డీజిల్ కారుకు వయసా, పొగా కొలమానం?

ఢిల్లీ, జాతీయ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో దానిని సమర్థించింది. 2025 జులై 1 నుంచి ఢిల్లీ బంకుల్లో వాటికి ఇంధనం నిలిపివేయగా, యజమానుల ఆగ్రహంతో కొద్ది రోజులకే ఆ నిర్ణయం వాయిదా పడింది. వయసు కారణంగా కఠిన చర్యలు వద్దని ఆగస్టు 12న చెప్పిన సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

బీఎస్-3 డీజిల్ కారు కిలోమీటరుకు 50 మిల్లీగ్రాముల ధూళికణాల వరకు వదలవచ్చు. బీఎస్-4కు పరిమితి 25, బీఎస్-6కు 4.5 మాత్రమే. కనుక తయారైన సంవత్సరాన్ని కాక ప్రమాణాన్ని చూడాలన్న యజమానుల వాదన తోసిపుచ్చదగినది కాదు. చిక్కల్లా తనిఖీలోనే ఉంది. కాలుష్య ధ్రువపత్రం కోసం జరిపే పరీక్షలో డీజిల్ వాహనం పొగ సాంద్రతను మాత్రమే కొలుస్తారు. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన కారు శుభ్రమైనదని చెప్పలేం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పదేళ్ల నిషేధం లేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తనిఖీలో నెగ్గితే మరో ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. ఢిల్లీలో తిరగరాని కారు నిరభ్యంతర పత్రంతో ఇక్కడికి చౌకగా చేరవచ్చు. దాని పొగ మాత్రం తగ్గదు.