బ్రేకు పళ్లెం కథ

ధర్మపురి నుంచి సేలం వైపు తొప్పూరు కనుమ దిగేటప్పుడు ముందు లారీ నుంచి కమురు వాసన వస్తే మన డ్రైవర్లు ఇట్టే పోల్చుకుంటారు. బ్రేకు లైనింగు మాడుతోందన్నమాట. ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టు చిక్కదు. వేగం కోసమే పుట్టిన స్పోర్ట్స్ కార్లనూ చాలాకాలం వేధించింది ఈ చిక్కే. దాన్నుంచి అవి బయటపడిన వైనం ఈ పూట చెప్పుకుందాం.

డ్రమ్ము బ్రేకు సంగతి మీకు తెలుసు. మూసిన గిన్నెలో రెండు షూలు విచ్చుకుని గోడను ఒరుసుకుంటాయి. వేడి త్వరగా బయటపడదు. వేడెక్కిన గిన్నె వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. డిస్కు బ్రేకులో అయితే చక్రంతో తిరిగే ఇనుప పళ్లేన్ని రెండు పక్కలా రెండు ప్యాడ్లు పట్టకారులా నొక్కుతాయి. పళ్లేనికి గాలి తగులుతుంది. వేడికి ఉబ్బినా అది ప్యాడ్ల వైపే జరుగుతుంది.

ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. లోహం మీద లోహం ఒరుసుకుంటే వచ్చే కీచుమోత మాత్రం భరించరానిది. 1949లో అమెరికాలో క్రాస్లీ హాట్‌షాట్ అనే చిన్న స్పోర్ట్స్ కారుకు డిస్కులు పెట్టారు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు అవి బిగుసుకుపోయేవి.

విమానాల బ్రేకుల్లో చెయ్యి తిరిగిన డన్‌లప్ వారూ, జాగ్వార్ కంపెనీ వారూ కలిశాక కథ మారింది. పరీక్షల భారమంతా నార్మన్ డ్యూయిస్ అనే డ్రైవరు మోశాడు. తంటాలు తక్కువేమీ కావు. ప్యాడ్ల వేడి పిస్టన్ల గుండా పాకి బ్రేకు ఆయిల్ మరిగేది. ఆయిల్లో ఆవిరి బుడగలు పుడితే పెడలు నేల దాకా పోతుంది. అదెంత గుండెదడో బండి నడిపే మీకు చెప్పనక్కర్లేదు. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల జాగ్వార్‌తో పందెం గెలిచాడు. మరుసటి ఏడు లె మాన్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ గెలిచారు. సగటు వేగం గంటకు 170 కిలోమీటర్లు. పొడవాటి తిన్నని దారి చివర మలుపు దగ్గర పోటీదారులు ముందే బ్రేకు తొక్కాల్సివస్తే, వీళ్ళు ఇంకా ముందుకు పోయి తొక్కేవారు. అదీ గంటల తరబడి.

అదే లె మాన్‌లో 1955 జూన్ 11న ఘోరం జరిగింది. హాథార్న్ నడిపే జాగ్వార్ పిట్‌లోకి మళ్ళడానికి వేగం తగ్గించింది. వెనక వచ్చే ఆస్టిన్-హీలీ పక్కకు తప్పుకుంది. దాని వెనక లెవెగ్ నడిపే మెర్సిడెస్ ఆ కారును గుద్దుకుని, జనం ఉన్న పక్కకు ఎగిరిపోయింది. లెవెగ్, ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. మెర్సిడెస్‌వి డ్రమ్ము బ్రేకులు, మిగతా రెండింటివీ డిస్కులు. ఆ తేడా వల్లే ఇది జరిగిందంటే అన్యాయం. దారి ఇరుకు, కార్ల వేగం ఆ దారికి ఎక్కువ. కానీ ఒకే దారిలో ఒక బండి ఆగినంత చప్పున వెనకబండి ఆగలేకపోతే ఏమవుతుందో ఆలోచించకుండా ఉండలేం.

1956లో ట్రయంఫ్ టీఆర్3, 1957లో జాగ్వార్ ఎక్స్‌కే150 డిస్కులతో అంగడికొచ్చాయి. అప్పటినుంచి స్పోర్ట్స్ కారు సొంతదారులకు కొత్త పని పడింది. అరిగిన ప్యాడ్లు మార్చుకోవడం. ఈ పద్ధతిలో సుఖం ఇదే. ముందు చక్రం ఊడదీసి, పిన్నులు లాగి, పిస్టన్లను వెనక్కి నెట్టి, కొత్త ప్యాడ్లు దూర్చితే అయిపోతుంది. పళ్లెం కూడా అరుగుతుందని మాత్రం చాలామంది మరిచిపోతారు. పలచబడిన పళ్లెం వేడిని దాచుకోలేదు, వంగుతుంది, పగులుతుంది. ఎంత మందం దాకా వాడవచ్చో చాలా పళ్లేల మీదే చెక్కి ఉంటుంది. చూడండి. గాడులు పడ్డ పాత పళ్లెం మీద కొత్త ప్యాడ్లు సరిగా కూర్చోవు. ఒక పక్కే మారిస్తే తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌లో వెనక పళ్లేలు చక్రాల దగ్గర కాకుండా నడుమ డిఫరెన్షియల్ పక్కన పెట్టారు. చక్రాల బరువు తగ్గి నడక మెత్తబడింది. మెకానిక్కు నడుము మాత్రం విరిగింది. ఆ పళ్లేలు మార్చాలంటే మామూలుగా వెనక భాగమంతా కిందికి దించాలి.

ఆ రోజుల ప్యాడ్లలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఉండేది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ రాతినార తవ్వేవారు. వేడికి చెక్కుచెదరదని వాడారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే కొన్ని దశాబ్దాలకు క్యాన్సర్ రావచ్చు. బ్రిటన్ 1999లో దాన్ని నిషేధించింది. అప్పటికే ఎందరో మెకానిక్కులు బ్రేకు దుమ్మును గాలిపంపుతో ఊదుతూ ఏళ్ళు గడిపారు. పాత కారు మీ చేతికొస్తే ఆ దుమ్ము ఊదకండి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి వేరుగా పారేయండి.