కొర్రవానివలస మల్లయ్య

తాత దాటి ముత్తాత పేరడిగితే మనలో చాలామందిమి ఆగిపోతాం. 19వ శతాబ్దంలో పుట్టిన మనోళ్ల జాడ దొరికితే ఎక్కువగా పోలీసోళ్ల లెక్కల్లోనే దొరుకుతుంది.

పాచిపెంట వైపు కొర్రవానివలసలో కొర్రా మల్లయ్య అనే కొండదొర ఉండేవాడు. 1900లో ఆయన చుట్టూ నాలుగైదు వేలమంది చేరేరు, స్వామి అన్నారు. తాను పంచపాండవుల్లో ఒకడినని, పసికొడుకు కృష్ణుడని, ఇంగ్లీషోళ్లని తరిమి రాజ్యమేలతానని చెప్పేడు. వెదుళ్లు నరికి తుపాకుల్లా చెక్కించి కవాతు చేయించేడు. అవి నిజం తుపాకులవుతాయని, సర్కారు తుపాకులు నీళ్లైపోతాయని నమ్మకం. మే 1న చూడ్డానికొచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లని జనం కొట్టి చంపేశారు. 7న తెల్లారగట్ల పోలీసులు శిబిరం మీద పడి కాల్చితే 11 మంది చనిపోయారు. తర్వాత ఇద్దర్ని ఉరితీశారు. మల్లయ్య జైల్లోనే పోయాడు. పసివాడూ పోయాడు.

థర్‌స్టన్ దొర 1909 నాటి పుస్తకంలో ఇదంతా పిచ్చి భక్తి అన్నట్టు నాలుగు ముక్కల్లో ముగించేడు. అన్ని వేలమంది ఊరికే చేరరు కదా! ఆ 11 మందిలో ఒక్కరి పేరూ అందులో లేదు. ఉంటే మన ఇళ్లల్లోనే ఉండాలి. పాచిపెంట, సాలూరు వైపు వాళ్లమంతా ఈ సెలవుల్లో ముసలోళ్లని కూర్చోబెట్టి అడుగుదాం. ఇంటిపేరు, ఊరు, చెప్పిందెవరో కూడా రాసుకుందాం. కొర్రా ఇంటిపేరోళ్లు ముందు మొదలెట్టండి.