ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో జీపీఎస్ జాడలు

తిరిగిన దారిని జీపీఎస్ పరికరం కొన్ని సెకన్లకొకసారి గుర్తుపెట్టుకుంటూ పోగా ఏర్పడే బిందువుల వరుసను జీపీఎస్ జాడ లేదా ట్రాక్ అంటారు. ఒక్కో బిందువుకు అక్షాంశం, రేఖాంశం, సమయం, సాధారణంగా ఎత్తు కూడా ఉంటాయి. అందరూ కలిసి గీసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తొలినాళ్లలో ముఖ్యంగా ఈ జాడల మీదే పెరిగింది.

పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపే దోషాన్ని 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ తప్పుతూ వచ్చిన స్థానం, ఏ వీధిలో ఉన్నామో పోల్చుకునేంత దగ్గరికి వచ్చింది. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ప్రారంభించాడు. అక్కడి ప్రభుత్వ సర్వే పటాలను స్వేచ్ఛగా వాడుకునే వీలు అప్పుడు లేదు. అందుకే ఔత్సాహికులు తామే దారులు కొలవడానికి బయల్దేరారు. 2006 మేలో ఒక వారాంతం ఐల్ ఆఫ్ వైట్ దీవిలో చేరి, వీధివీధీ తిరిగి జాడలు సేకరించారు. 2010లో మైక్రోసాఫ్ట్ తన బింగ్ వైమానిక చిత్రాల మీద గీసుకోవడానికి అనుమతించాక ఇంట్లో కూర్చుని గీయడం సులువైంది. అయినా జాడ విలువ తగ్గలేదు. ఇలాంటి చిత్రాలు కొన్నిచోట్ల, ముఖ్యంగా కొండ ప్రాంతాల్లో, అసలు స్థానం నుంచి కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉంటాయి. ఎంత జరిగాయో తేల్చడానికి ఆ దారిలో నడిచినవారి జాడలే ఆధారం. చెట్ల కింది కాలిబాట చిత్రంలో కనిపించకపోయినా జాడలో కనిపిస్తుంది.

జాడను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లోకి జీపీఎక్స్ రూపంలో ఎక్కించాలి. 2002లో వచ్చిన ఈ ఫైలు పద్ధతిని దాదాపు అన్ని పరికరాలూ, ఫోన్ యాప్‌లూ అర్థం చేసుకుంటాయి. వేరే రూపంలో ఉంటే జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు. బిందువులకు సమయం లేకపోతే సైట్ వాటిని స్వీకరించదు. నిజంగా తిరిగిన జాడకూ, తెర మీద గీసిన గీతకూ తేడా అక్కడే పట్టుబడుతుంది. కొన్ని యాప్‌లు జాడను తమ పటంలోని రోడ్డు మీదికి లాగి సరిచేస్తాయి. అలాంటి జాడను ఎక్కించకూడదు. అది నేల చెప్పిన సాక్ష్యం కాదు, మరొకరి పటానికి నకలు.

ఎక్కించే ముందు జేఓఎస్‌ఎం వంటి పటం దిద్దే సాధనంలో జాడను ఒకసారి తెరిచి చూడాలి. టీ తాగడానికి ఆగిన చోట బిందువులు చిక్కుపడ్డ దారపు ఉండలా పోగుపడతాయి. వాటిని తీసేయాలి. సంకేతం పోయి మళ్లీ వచ్చిన చోట వట్టి గీత మిగిలితే అక్కడ జాడను విడగొట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి దగ్గర మొదలై ఇంటి దగ్గరే ముగిసిన జాడకు రెండు కొసలూ కత్తిరించడం. ఎవరు ఏ వేళకు గడప దాటుతారో జాడ చెప్పేస్తుంది.

గోప్యతకు సైట్‌లో నాలుగు స్థాయులు ఉన్నాయి. అందరికీ కనిపించే జాబితాలో జాడను చేర్చాలా, బిందువుల వరుసనూ సమయాన్నీ బయటపెట్టాలా అన్నవి వీటిని బట్టి మారతాయి. వీటిలో ‘ప్రైవేటు’ అన్న మాటను చాలామంది పొరబడతారు. అది ఎంచుకున్నా బిందువులు పేరు లేకుండా, వరుస లేకుండా ఇతరులకు అందుతాయి. ఎవరికీ తెలియకూడని చోటు ఉంటే దాన్ని ఎక్కించకపోవడమే మార్గం.

జాడ ఎక్కించినంత మాత్రాన పటంలో రోడ్డు పుట్టదు. దాన్ని అడుగున పెట్టుకుని ఎవరో ఒకరు దారి గీయాలి. ఆరుబయట ఫోన్ సుమారు ఐదు మీటర్ల దాకా తప్పుతుంది. ఎత్తయిన భవనాల మధ్య సంకేతం గోడలకు తగిలి వస్తుంది కనుక తప్పు ఇంకా పెరుగుతుంది. తిరుమలకు వెళ్లే అలిపిరి మెట్ల దారికి చాలా మేర పైకప్పు ఉంది కనుక అక్కడా సంకేతానికి అడ్డు తగులుతుంది. అలాంటిచోట ఒక్క జాడను నమ్మి గీయకూడదు. పలువురి జాడలను ఒకదాని మీద ఒకటి పరిచి, అవి ఎక్కడ దట్టంగా కలుస్తాయో చూసి, ఆ మధ్యగా గీయాలి.

జాడ దారి ఆకారం చెబుతుంది గాని పేరు చెప్పదు. నడిచేటప్పుడు పెట్టుకున్న స్థల గుర్తులను సైట్ జాడతోపాటు తీసుకోదు కాబట్టి గుడి, చెరువు, వాడ పేర్లను విడిగా రాసుకోవాలి. తెలుగు పేరు కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రత్యేక గడి ఉంది. ఊరివాళ్లు ఆ చోటును ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకుని, తెలుగు లిపిలో అందులో నింపవచ్చు.