కలకత్తా మైదానము: ఆటయు, జీతమును

అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో కళాశాల జట్టునకును, వృత్తి ఆటగాండ్ర జట్టునకును ప్రజలు సమానముగ జేజేలు పలుకుదురు. కలకత్తా నగరమున ఫుట్‌బాల్ ఆట కూడ విద్యాలయముల ఆవరణముననే మొలకెత్తినది. కాని అది ఫలించినది మాత్రము క్లబ్బుల నీడన.

1877 ప్రాంతమున హేర్ స్కూలు విద్యార్థి నగేంద్రప్రసాద్ సర్వాధికారి తోడి బాలురను కూడగట్టి ఈ ఆట నారంభించెననియు, ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు స్టాక్ వారికి తోడ్పడెననియు ప్రతీతి. క్రమముగ క్లబ్బులు వెలసినవి. 1889లో మోహన్ బగాన్, 1891లో మహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో ఈస్ట్ బెంగాల్ అవతరించినవి.

వంగీయులు దేహబలము లేని పిరికివారని పాలకులు పలుమారు ఎత్తిపొడుచుచుండిరి. 1911 జూలై 29న ఆ మాటకు మైదానమే బదులు చెప్పెను. ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళమును రెండు గోల్సుకు ఒకటిగ ఓడించెను. శివదాస్ భాదురి, అభిలాష్ ఘోష్ చెరియొక గోలు చేసిరి. విజేతలు పదునొకండుగురిలో పదిమంది వట్టికాళ్లతో ఆడినవారే!

నాటినుండి ఆట జాతిగౌరవమునకు చిహ్నమైనది. గౌరవమునకు వెల కట్టుట ఎట్లు? కావున ఆటగాడు పేరునకు వేడుకకై ఆడువాడు; పొట్టకూటికి రైల్వేలోనో, రేవు కార్యాలయమునందో, కస్టమ్స్ శాఖయందో ఉద్యోగి. ఆ ఉద్యోగము ఆటకు ప్రతిఫలమని ఎల్లరకును తెలియును. ఆ మాట పైకి ననుటకు మాత్రము అందరును సంకోచించిరి.

ఈ సంకోచమును తొలగించుటలో హైదరాబాదు నగరమునకు భాగము కలదు. అచ్చటినుండి 1966లో వచ్చిన మహమ్మద్ హబీబ్ ఉద్యోగము నాశ్రయింపక ఆటనే వృత్తిగ స్వీకరించెను. భారతదేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని ఆయనను పలువురు పేర్కొందురు. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ రెండేసి గోల్సుతో సరిసమానముగ నిలిచినపుడు, అందొక గోలు హబీబ్‌దే. ఆయనకు ముందు సికిందరాబాదునుండి వచ్చిన తులసీదాస్ బలరామ్ 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడిన మేటి. అనారోగ్యము వలన 1963లో, ముప్పదియేండ్లు నిండకమున్నే, ఆట విరమింపవలసివచ్చెను. క్రీడాకారుని సంపాదనకాలమెంత స్వల్పమో ఇది తెలుపును. ఈ యిరువురును 2023లో కీర్తిశేషులైరి.

అభిమానమునకు నగరమున ఎన్నడును కొదవ లేదు. అది హద్దు మీరి, 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పోటీ జరుగుచుండగా పదునారుగురు ప్రేక్షకులను బలిగొన్నది. అంతటి అభిమానమును కురిపించిన జనులే ఆటగాడు జీతమడిగిన ముఖము చిట్లించుట న్యాయమా? సంభావన పుచ్చుకొన్నంత మాత్రమున వైణికుని వీణ అపస్వరము పలుకదు. కాలిబంతియు నంతియే.