ఒంటరి పేక

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు సికిందరాబాదులోని మా పాఠశాలలో నొక చిన్న సంగతి జరిగినది. మధ్యాహ్న విరామమున నొక బాలుడు వేపచెట్టు క్రింద ఒంటరిగా గూర్చుండి పేకముక్కలను వరుసలుగా పరచుకొనుచుండెను. మేము చూచినదే తడవుగా ముక్కలన్నియు లాగుకొని, ధర్మరాజు రాజ్యము పోగొట్టుకొన్న కథయు, నలుడు అడవుల పాలైన కథయు ఏకరువు పెట్టి, పేక పట్టినవాడు బాగుపడుట యెన్నడైన చూచితివా యని గద్దించితిమి. వాడు తల వంచుకొని యంతయు విని, "నేను ఎవరితోనూ పందెం వేయలేదు సార్. నాతో ఆడేవాళ్ళే లేరు" అనెను.

ఆ మాటకు మాకు సమాధానము తోచలేదు. ముక్కలను మాత్రము తిరిగి యీయక బల్ల సొరుగులో వైచితిమి. ఆ రాత్రి మా పుస్తకములు తిరుగవేయుచు మొదలుపెట్టిన విచారణయే యీ వ్యాసము.

మన ప్రాచీనులు ద్యూతమును దూషించిరనుట నిజమే. ఋగ్వేదము పదవ మండలములోని ముప్పదినాల్గవ సూక్తమున జూదరి తన భార్య తన్ను విడిచెననియు, అత్త తన్ను ద్వేషించుచున్నదనియు తానే విలపించును. మనువు తొమ్మిదవ యధ్యాయమున ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతమనియు, ప్రాణులను పెట్టి యాడించునది సమాహ్వయమనియు విభజించి, రెంటిని రాజు అణచవలయునని విధించెను. కౌటిల్యుడు లోకము నెఱిగినవాడు. జూదము నిర్మూలము కాదని తలచి, ద్యూతాధ్యక్షుని నియమించి, ఒక్కచోటనే ఆడింపవలయుననియు, గెలిచిన ద్రవ్యమున నూటికి అయిదు గ్రహింపవలయుననియు చెప్పెను. ఈ మువ్వురి మాటలలోను సమానముగా నున్నది పందెము. పాచికలు గాని గవ్వలు గాని దోషము చేసినట్లు చెప్పబడలేదు. మేము బాలునికి చెప్పిన కథలు పందెపు కథలు. వాని చేతిలో నున్నవి యట్టముక్కలు.

ఆ ముక్కలకును ఒక చరిత్ర యున్నది. మొగలుల కాలమున గంజీఫా యను గుండ్రని ముక్కల యాట ప్రసిద్ధము. బాబరు 1527లో సింధుదేశపు షా హసనునకు గంజీఫా పంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. మొగలు గంజీఫాలో ఎనిమిది జాతులు, జాతికి పండ్రెండు చొప్పున 96 ముక్కలు. హిందువులు దానినే దశావతార గంజీఫాగా మార్చి, అవతారమునకు పండ్రెండు చొప్పున 120 ముక్కలు చేసికొనిరి. మన నిర్మల చిత్రకారులును వీనిని వ్రాసినవారే.

నేడు మనము వాడు నలుచదరపు ముక్కలు మాత్రము ఓడల మీద వచ్చినవి. ఈ సంగతి మన మాటలే చెప్పుచున్నవి. కళావరు అనుమాట మనము అనుదినము వినుచుందుము. ఇంగ్లీషువారు ఆ జాతిని 'క్లబ్స్' అందురు. ఆ పేరునుండి కళావరు పుట్టనేరదు. డచ్చివారు దానిని 'క్లావర్' అందురు. ఆఠీనునకు వారి మాట 'హార్టెన్'. మనము తురుపు అనుదానిని వారు 'త్రూఫ్' అందురు. 17వ శతాబ్ది యారంభముననే డచ్చివారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. సికిందరాబాదు దండుబస్తీ పుట్టినది 1806లో. కావున తెల్లదొరల దండులే మనకు పేకను నేర్పినవని యీ నగరములో కొందఱు చెప్పుమాట అంతగా నమ్మదగినది కాదు. అంతకు రెండువందల యేండ్లకు ముందే యా మాటలు కోస్తారేవున దిగుటకు వీలున్నది. ఆసు, జాకీ, డైమను మాత్రము ఇంగ్లీషువాసన గలవి. ఒక్క పేకకట్టలో ఇన్ని జాతుల వర్తకులు దాగియుండుట మాకు మిక్కిలి వినోదము గొల్పినది. బాలురకు దేశచరిత్రము చెప్పునప్పుడు ఇంతకంటె సులభమైన సాధనము మాకు కానరాదు. కాని పాఠశాలకు పేకకట్టను తీసికొనిపోవు ధైర్యము ఏ యుపాధ్యాయునికి గలదు?

ఒంటరి పేక యీ కుటుంబములో చిన్నబిడ్డ. 18వ శతాబ్ది తుదిపాదమున జర్మను భాషలోని యాటల గ్రంథములలో ఇది మొదట కానవచ్చుచున్నది. ఇంగ్లండులో దీనిని 'పేషెన్సు', అనగా ఓర్పు, అనిరి. అమెరికావారు 'సాలిటేరు' అనిరి. లేడీ అడిలెయిడ్ కడోగన్ అను దొరసాని 1870 ప్రాంతమున దీనిని గూర్చి ప్రకటించిన గ్రంథము ఇంగ్లీషు గృహములలో మిక్కిలి ప్రచారము పొందినది. సెయింటు హెలీనా ద్వీపమున బందీయైన నెపోలియను ఈ యాటతో ప్రొద్దుపుచ్చెనని యొక కథ గలదు. కథ యందముగా నున్నది గాని దానికి గట్టి యాధారము లేదు. అతడు అచ్చట ఆడినవి నలుగురితో గూడి యాడు ఇతర పేకాటలు. 1990లో మైక్రోసాఫ్టువారు తమ విండోసు 3.0తో గూడ దీనిని ఉచితముగ నిచ్చుటతో కచేరీ గుమాస్తాలందఱికిని ఇది పరిచయమైనది.

ఎఱుగనివారికై ఆట క్రమమును చెప్పెదము. జోకర్లను తీసివేసి 52 ముక్కలను బాగుగా కలుపవలయును. మొదటి వరుసలో ఒకటి, రెండవదానిలో రెండు, ఇట్లు ఏడవదానిలో ఏడు వచ్చునట్లు 28 ముక్కలను ఏడు వరుసలుగా పరచి, ఒక్కొక్క వరుస చివరి ముక్కను మాత్రము వెలికిల త్రిప్పవలయును. దీనిని 'టాబ్లో' అందురు. మనము పరపు అనవచ్చును. మిగిలిన 24 ముక్కలు చేతికట్ట. పరపునకు పైభాగమున నాలుగు పునాదులకు చోటు విడువవలయును. ఆసు బయటపడినతోడనే పునాదికి చేర్చి, దానిపై అదే జాతివి రెండు, మూడు అని రాజువఱకు ఎక్కించుకొని పోవలయును. పరపులో క్రమము తలక్రిందు. ఎఱ్ఱ తొమ్మిదిపై నల్ల యెనిమిది, దానిపై ఎఱ్ఱ యేడు. ఖాళీ యైన వరుసలో రాజును దప్ప మఱిదేనిని ఉంచరాదు. చేతికట్టనుండి ఒక్కొక్కటిగా గాని మూడేసి గాని త్రిప్పి, పనికిరానివానిని ప్రక్క కుప్పలో వేయవలయును. నాలుగు పునాదులపై నలుగురు రాజులు కూర్చున్నచో ఆట గెలిచినట్లు.

చెప్పుటకు ఇంతే. ఆడుటయందు గల కష్టము వేఱు. మూయబడిన ముక్కను ఒక్కసారి యెత్తి చూచి మరల పెట్టినయెడల అడుగువారెవరు? నలుగురితో నాడునప్పుడు తొండి చేసిన వానిని మిగిలినవారు పట్టుకొందురు. ఇచ్చట తొండి చేయువాడును, చేయబడువాడును ఒక్కడే. మేము ఈ విచారణకై ఒక కట్టను కొని, తలుపు వేసికొని, పది దినములు ఆడితిమి. మూడవ దినమున ఇస్పేటు ఆసు ఏ వరుసలో నున్నదో యెత్తి చూచితిమి. ఇది వ్రాయుటకు సిగ్గుగా నున్నను వ్రాయకుండుట యింకొక తొండి యగునని వ్రాయుచున్నాము.

అన్ని పరపులును గెలువదగినవి కావు. మూడేసి త్రిప్పు పద్ధతిలో, మూసిన ముక్కలన్నియు ముందే తెలిసియున్న యెడల, నూటికి సుమారు 82 పరపులు గెలువవచ్చునని గణితజ్ఞులు లెక్కించిరి. తెలియక ఆడు మనబోంట్లకు అంతకంటె మిక్కిలి తక్కువ. స్టానిస్లా ఉలాము అను గణితజ్ఞుడు 1946లో జబ్బుచేసి కోలుకొనుచు ఇట్టి యాటలో గెలుపు అవకాశమెంత యని లెక్కకు దొరకక, అనేక పర్యాయములు ఆడిచూచి లెక్కించిన చాలునుగదా యని తలచెను. యంత్రముల సాయమున సాగు మాంటీకార్లో పద్ధతి యా యూహనుండియే పుట్టినది. మంచముపై ముక్కలు పరచుకొన్న యా రోగిని మేము చూచియున్నచో, ఆయనకును నలోపాఖ్యానము వినిపించియుందుము!

ఇక మన యూరి సంగతి. 1963 మే 4వ తేదీన సికిందరాబాదులోని క్రెసెంటు రిక్రియేషను క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, పందెములతో రమ్మీ యాడుచున్నవారిని హైదరాబాదు జూదశాసనము క్రింద పట్టుకొనిరి. మెజిస్ట్రేటు శిక్ష విధించెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు చెప్పుచు, మూడుముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏది యుంచి ఏది పారవేయవలయునో తేల్చుటకును నేర్పు కావలయుననియు నిర్ణయించి ప్రభుత్వపు అప్పీలును త్రోసివేసెను. అయితే క్లబ్బువారు పందెపుటాటపై లాభము గుంజుచున్నట్లు ఋజువైనచో నేరము కావచ్చునని కూడ ఆ తీర్పుననే యున్నది. అటుపిమ్మట 2017లో తెలంగాణ శాసనసభ జూదశాసనమును సవరించి, నేర్పుటాటయైనను పందెము పెట్టినచో జూదమే యన్నది.

నేర్పా అదృష్టమా యను విచారణ న్యాయస్థానములకు తగినదే కావచ్చును. మాకు మాత్రము రెండవ మాటయే, అనగా లాభము గుంజువాడెవడను ప్రశ్నయే, ముఖ్యముగా తోచుచున్నది. ఒంటరి పేకయు దానినుండి తప్పించుకొనలేదు. అమెరికాలో 19వ శతాబ్ది చివర సారటోగాలో జూదశాల నడపిన కాన్‌ఫీల్డు అనునతడు ఒక్క పేకకట్టను 50 డాలర్లకు అమ్మి, పునాదులకు చేరిన ఒక్కొక్క ముక్కకు 5 డాలర్లు చెల్లించువాడని చెప్పుదురు. లెక్క వేసిన తెలియును: పదిముక్కలు ఎక్కినగాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. ప్రతిపక్షి లేనిచోట అంగడివాడే ప్రతిపక్షియై కూర్చుండెను. నేడు చేతిలోని ఫోనులలో "ఉచితము" అని యూరించి, ఓడినప్పుడెల్ల మరియొక అవకాశమునకు సొమ్మడుగు ఆటలను చూచునప్పుడు మాకు ఆతడే జ్ఞప్తికి వచ్చుచున్నాడు. మా బాలుని చేతిలో ఫోను లేదు. ఏండ్లతరబడి వాడి అంచులు నలిగిన కట్ట యుండెను.

సెలవులు ముగిసిన పిమ్మట వానిని పిలిచి ముక్కలను తిరిగి యిచ్చి, నాడు మేము తొందరపడితిమని చెప్పితిమి. వాడు అచ్చటనే నిలుచుండి లెక్కపెట్టి, "యాభై ఒకటే ఉన్నాయి సార్" అనెను. సొరుగంతయు వెదకగా, హాజరుపట్టీ క్రింద కళావరు రెండు దొరకినది.